ముందు వరుస

ఆవిడ పోయిన సంగతి నాకు చెప్పాల్సిన అవసరం ఎవరికీ లేదు. అయినా చెప్పారు. బేగంపేట ఆఫీసులో మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీస్తుండగా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. "పెద్దమేడమ్ నిన్న పొద్దున పోయిన్రు. రేపు జియారత్. మీకు తెలియాలె అనిపించింది." పంపింది ఆవిడ బడిలో వాలంటీరుగా పనిచేసిన అమ్మాయి. నా నంబరు ఆమె దగ్గర ఇంకా ఉందని కూడా నాకు తెలియదు.

డబ్బా మూత మళ్ళీ పెట్టేశాను. ఏడుపు రాలేదు. ఏడవడానికి నేనెవరిని? సిగ్గు మాత్రం వచ్చింది. నాలుగేళ్ళ కిందటి సిగ్గు, ఏ మాత్రం పాతబడకుండా.

పిల్లలు, తల్లులు, ఆ సందులో కూరగాయల బండివాడు, అందరూ ఆవిడను పెద్దమేడమ్ అనే పిలిచేవారు. అసలు పేరు నేను ఒకే ఒక్కసారి రాశాను, ఒక ఫారంలో మొదటి గడిలో. దాని కింద ఏం రాశానో తెలుసు కాబట్టి ఇక్కడ మళ్ళీ ఆ పేరు రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఆ రోజుల్లో నేను బడులకు మార్కులు వేసే పనిలో ఉండేదాన్ని. పై ఆఫీసు ఒకటి మా సంస్థకు ఆ పని అప్పజెప్పింది. చిన్న ప్రాథమిక పాఠశాలలకు వెళ్ళాలి, ఒక్కో బడిలో ఒక పూట ఉండాలి, ఆరు పేజీల ఫారం నింపాలి. ప్రహరీ ఉందా, మరుగుదొడ్డికి గొళ్ళెం ఉందా, నల్లబల్ల మీద రాత కనిపిస్తోందా, పిల్లలు చదవగలరా. చివరి పేజీలో ఒక గ్రేడు. మా నాన్నగారు వ్యాపారం కోసం కోస్తా నుంచి వచ్చి సైనిక్‌పురిలో ఇల్లు కట్టుకున్నారు. నేను కాన్వెంటులో చదువుకున్నాను. ఆ ఉద్యోగంలో చేరేదాకా సర్కారు బడి గడప తొక్కి ఎరగను. అలాంటి దాన్ని, మూడు రోజుల శిక్షణ ఇచ్చి, చేతికి అట్ట, క్లిప్పు, పెన్ను ఇచ్చి పంపారు. నాకు అందులో వింతేమీ కనిపించలేదు.

చిలకలగూడ సందుల్లో ఉండేది ఆ బడి. రెండు గదులు, ఒక వరండా, వెనక గోడ అవతల రైలు పట్టాలు. ఐదు తరగతులకు కలిపి నలభై మందికి పైగా పిల్లలు. చదువు చెప్పేది ఆవిడ, వాలంటీరు అమ్మాయి. ఇంకో టీచరు ఉన్నట్టు రిజిస్టరులో ఉంది గాని, ఆయన్ని ఎప్పుడో వేరే పని మీద ఇంకో చోటికి పంపించారట.

నేను వెళ్ళేసరికి ఆవిడ వరండాలో నిలబడి నేల వైపు చూస్తున్నారు. యాభై అయిదు దాటిన మనిషి. సన్నగా, కొంచెం ముందుకు వంగినట్టు ఉంటారు. నూలు చీర కొంగు తల మీదుగా కప్పుకున్నారు. బుర్ఖా తలుపు వెనక మేకుకు తగిలించి ఉంది. నేనెవరో చెప్పబోతే, ఒక్క నిమిషం అన్నట్టు వేలు చూపించి, మళ్ళీ కిందికే చూశారు. గుమ్మం ముందు పిల్లల చెప్పులు వరసగా ఉన్నాయి. వాటిని చూస్తూ వాలంటీరు అమ్మాయితో, నీలం స్లిప్పర్లు రాలేదు, బక్కిల్ తెగిన సాండిల్ కూడా రాలేదు, వాళ్ళ తల్లులకు ఫోన్ చెయ్యమన్నారు. హాజరు తీసుకోవడం అదేనని నాకు తర్వాత తెలిసింది. ఎవరి చెప్పులేవో ఆవిడకు కంఠతా వచ్చు. పేర్లు పిలిస్తే ఒకరికి బదులు ఇంకొకరు పలుకుతారు గాని, చెప్పులు అబద్ధమాడవంటారట.

ఆవిడ మాత్రం బడిలో చెప్పులు వేసుకునేవారు కాదు. ఉత్త కాళ్ళతో వరసల మధ్య తిరుగుతూ పాఠం చెప్పేవారు. రెండు చేతుల గాజులకూ పిన్నీసులు వేలాడుతుండేవి. గుండీ ఊడిన చొక్కా కనిపిస్తే, చెబుతున్న ఎక్కం ఆపకుండానే గాజు నుంచి ఒక పిన్నీసు తీసి పెట్టేసి ముందుకు వెళ్ళిపోయేవారు. కొత్త సుద్దముక్క చేతికి వస్తే ముందు రెండుగా విరిచి, సగం ఎవరో ఒక పిల్ల చేతిలో పెట్టేవారు. పట్టాల మీద రైలు వస్తే మాట మధ్యలో ఆగిపోయేవారు. పిల్లలు కూడా నోరు తెరుచుకుని అలాగే ఉండేవారు. రైలు వెళ్ళాక ఆగిన అక్షరం తర్వాతి అక్షరం నుంచి మొదలుపెట్టేవారు. "వంక" అని ఆగితే, గూడ్సు బండి మొత్తం వెళ్ళిపోయిన తర్వాత "కాయ" అనేవారు. ఎవ్వరూ నవ్వేవారు కాదు. నాకు ఒక్కదానికే నవ్వొచ్చింది.

మెచ్చుకోవడం ఆవిడకు అలవాటు లేదు. ఎవరైనా బాగా చదివితే "ఊఁ, తర్వాత?" అనేవారు. అదే గొప్ప మెప్పు.

ఆవిడ చెబుతున్నది తెలుగు పాఠం. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు. అక్షరం అక్షరం విడివిడిగా, ఒత్తులు ఎక్కడా నలగకుండా పలికేవారు. పాఠం అయ్యాక నేను మనస్ఫూర్తిగానే, మంచి మాట అంటున్నాననుకుని, "మీ తెలుగు చాలా బాగుందండి" అన్నాను.

ఆవిడ నన్ను ఒక క్షణం చూశారు. "మీది సుత మంచిగున్నది మేడమ్" అన్నారు.

వాలంటీరు అమ్మాయి నవ్వు కనిపించకుండా పుస్తకం అడ్డం పెట్టుకుంది. నేను కూడా నవ్వేశాను గాని, అది ఎందుకు తగిలిందో ఆ రోజంతా ఆలోచించకుండా గడిపేశాను.

చదివించే పరీక్ష పదకొండు గంటలకు మొదలుపెట్టాను. నాలుగు వాక్యాల కథ ఒకటి అట్ట మీద అతికించి ఇచ్చారు మాకు. మూడో తరగతి పిల్లల్లో ఐదుగురిని ఎంచుకుని చదివించాలి. గది అంతటి నుంచీ, ఒక్కో వరస నుంచి ఒకరిని తీసుకోవాలని శిక్షణలో చెప్పారు. నేను ముందు వరుసలో ఉన్న ఐదుగురినీ తీసుకున్నాను. వాళ్ళు ముందున్నారు కాబట్టి. వెనక్కి వెళ్ళాలంటే నేల మీద కూర్చున్న పిల్లల మధ్య నుంచి దాటుకుంటూ వెళ్ళాలి. రెండు గంటలకు బేగంపేటలో మీటింగు ఉంది. అంతకంటే పెద్ద కారణం ఏదీ లేదు. ఉంటే బాగుండేది.

ఐదుగురిలో ఒక్కరూ వాక్యం పూర్తిగా చదవలేకపోయారు. నాలుగో పిల్ల పేరు సంధ్య. ఎర్ర రిబ్బను కట్టుకున్న సన్నపు పిల్ల. తల్లిదండ్రులు పాలమూరు వైపు నుంచి కూలి పనికి వచ్చారట. అక్షరాల కింద వేలు పెట్టి "చె, రు, వు" అని మూడూ సరిగ్గానే చదివింది. కలిపి చదవమంటే పెద్దమేడమ్ వైపు చూసింది. నేనూ చూశాను. ఆవిడ పెదవులు కదులుతున్నాయి, గొంతు మాత్రం బయటికి రావడం లేదు. కావాలంటే ఒక్క మాట అందించవచ్చు. అందించలేదు.

నేను "రాదు" అన్న గడిలో ఐదు టిక్కులు పెట్టాను. అప్పుడు ఆవిడ దగ్గరికి వచ్చి ఫారం వైపు చూశారు.

"ఈ రెండే గళ్ళా మేడమ్? వచ్చు, రాదు?"

"అంతేనండి."

"మా బడిల 'రాదు' అనే మాట బంద్. పిల్లలు సుత అనరు. 'ఇంకా రాలే' అంటం."

ఫారం పైనుంచి వస్తుందని, దాన్ని మార్చడం నా చేతుల్లో లేదని చెప్పాను. అది నిజమే. ఆవిడ తల ఊపారు. "జెర వెనక కూసున్నోళ్ళను సుత అడగండి మేడమ్" అన్నారు.

నాకు చిరాకేసింది. దానికి కారణం ఉంది. అంతకుముందు చూసిన బడుల్లో హెడ్మాస్టర్లు చదువొచ్చిన పిల్లల్ని నా ముందుకు తోసేవారు. ఒకచోట నాలుగు వాక్యాల కథ ముందే ఎవరో తెలుసుకుని పిల్లలకు బట్టీ పట్టించారు. ఒక అబ్బాయి అట్ట తలకిందులుగా పట్టుకుని గడగడా చదివేశాడు. నాకు తెలిసిపోయింది. తెలిసి కూడా ఆ బడికి మంచి గ్రేడే ఇచ్చాను, అక్కడ గోడలకు రంగులు బాగున్నాయి, హెడ్మాస్టరు గేటు దాకా వచ్చి సాగనంపాడు. ఆ మోసాల మీద కూడబెట్టుకున్న అనుమానమంతా, పెదవి దాటి ఒక్క అక్షరం అందించని ఈవిడ మీద చూపించాను. పిల్లల్ని మీరు చూపించకూడదండీ, ఎంచుకోవలసింది నేను, అది రూలు అన్నాను. రూలు తప్పింది నేనేనని నాకు తెలుసు.

"నేను చూపిస్తలేను మేడమ్. అందరినీ అడగమంటున్న" అన్నారావిడ.

అప్పటికే నేను తర్వాతి పేజీ తిప్పి రాసుకుంటున్నాను. తలెత్తలేదు.

వెళ్ళేటప్పుడు వరండా దాకా వచ్చారు. వీలైతే రేపు రమ్మన్నారు, జెర టైం తీసుకుని రమ్మన్నారు. చూస్తానండి అన్నాను. మా వైపు ఆ మాటకు రానని అర్థం. ఆవిడకు అది తెలుసో లేదో. ఆటోలో కూర్చుని చివరి పేజీ నింపాను. "బోధన సంతృప్తికరంగా లేదు" అని రాశాను. ఆటో కుదుపుకు "సంతృప్తి" దగ్గర రాత వంకర పోయింది. కింది నుంచి రెండో గ్రేడు ఇచ్చాను.

పది రోజుల తర్వాత మళ్ళీ వెళ్ళాల్సి వచ్చింది. ఆవిడ పిలిచినందుకు కాదు, ఒక పేజీ మీద బడి ముద్ర వేయించుకోవడం మరిచిపోయినందుకు. ముద్ర లేకపోతే ఫారం చెల్లదు.

ఆ రోజు పొద్దున్నే వెళ్ళాను. ప్రార్థన అయిపోయి పిల్లలు లోపల కూర్చున్నారు. ఎవరూ నన్ను గమనించలేదు. గుమ్మం పక్కన నిలబడ్డాను. పిల్లలు ఇళ్ళ నుంచి తెచ్చిన పొట్లాల కాగితాలు చదువుతున్నారు. పప్పు కట్టిన న్యూస్‌పేపరు ముక్క, మందుబిళ్ళల పెట్టె అట్ట, పెళ్ళిశుభలేఖ, ఏది దొరికితే అది. అది అక్కడ రోజూ జరిగే పనే. ఆ రోజు వంతు సంధ్యది. నూనె మరకల కాగితం ఒకటి రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. అందులో ఏదో ఊళ్ళో నీటి ట్యాంకు కట్టడం ఆగిపోయిందన్న వార్త ఉంది. ఒక్కో మాట దగ్గర ఆగుతూ, మింగుతూ చదివింది. ఒక వాక్యం అయింది. పెద్దమేడమ్ "ఊఁ, తర్వాత?" అన్నారు. రెండో వాక్యం చదివింది. మూడోది మధ్యలో రైలు వస్తే ఆగి, రైలు వెళ్ళాక ఆగిన చోటు నుంచే అందుకుంది.

చదవడం అయ్యాక ఆ పిల్ల కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. సంచి భుజాన వేసుకుంది. పిల్లల మధ్య నుంచి, ఎవరో పల్లకీలో తీసుకువెళ్తున్నంత నెమ్మదిగా నడుచుకుంటూ మూడో వరుసలోకి వెళ్ళి కూర్చుంది. అక్కడున్న పిల్లలు జరిగి చోటిచ్చారు. ముందు వరుసలో ఖాళీ అయిన చోట, నేనెప్పుడూ చూడని ఒక కొత్త పిల్లను తెచ్చి కూర్చోబెట్టారు.

ఇదేమిటని వాలంటీరు అమ్మాయిని అడిగాను. ఆమె ఆశ్చర్యపోయింది. ఇంకా చదువు రాని వాళ్ళు, కొత్తగా చేరిన వాళ్ళు ముందు వరుసలో, పెద్దమేడమ్ చేతికి అందేంత దగ్గర కూర్చుంటారట. చదువు వచ్చిన వాళ్ళు వెనక్కి వెళ్తారట. ఆవిడ ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ అంతేనట. ఏడాది మొత్తం ఆ పిల్లల తాపత్రయమంతా వెనక్కి వెళ్ళడానికేనట. "ఆ రోజు మీరు ముందు లైన్‌నే అడిగిన్రు గద మేడమ్. మేం సమజ్ గాక ఊకున్నం" అంది.

ఆ గదిలో చదవడం రాని ఐదుగురిని ఏరి తెచ్చుకుని, ఆ గది మొత్తానికీ చదువు రాదని రాశాను.

పెద్దమేడమ్ బయటికి వచ్చారు. ఈ ముందు వరుస సంగతి ఆ రోజే ఎందుకు చెప్పలేదండీ అన్నాను. నా గొంతులో నేరం ఆవిడదే అన్నట్టు పలికింది.

"చెప్పిన గద మేడమ్. మీరు రాసుకుంటున్నరు" అన్నారు. దెప్పినట్టు కాదు. జరిగింది జరిగినట్టు చెప్పారు, అంతే. తర్వాత ముద్ర వేశారు. సిరా ఆరేదాకా కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని నెమ్మదిగా ఊదారు. ఊదుతూనే అడిగారు.

"ఈ కాయితాలన్నీ ఇంకా మీ తాననే ఉన్నయా?"

"ఉన్నాయండి. శుక్రవారం ఇవ్వాలి."

"అయితే మంచిదే" అన్నారు.

అంతకంటే ఒక్క మాట అడగలేదు. మార్చమనలేదు, బతిమాలలేదు. జరిగిన పొరపాటు నాకు తెలిసింది, కాగితం నా దగ్గరే ఉంది, ఇంక నేను దిద్దుతాననే ఆవిడ అనుకున్నారు. అలా అనుకోకపోవడానికి ఆవిడకు కారణమేమీ కనిపించలేదు.

అది మంగళవారం. బుధ, గురు, శుక్ర, మూడు రోజులున్నాయి. నేను దిద్దలేదు.

ఎందుకు దిద్దలేదో నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. ఈ ఒక్క బడిలో ముందు వరుసనే అడిగానని చెబితే, మిగతా బడుల్లో ఎవరిని అడిగావంటారు. నిజానికి చాలాచోట్ల అలాగే చేశాను. పని మళ్ళీ మొదటికి వస్తుంది. ఆ నెలలో నాకు టీమ్ లీడరు పదవి ఇచ్చే మాట నడుస్తోంది. మా సారు కఠినమైన మనిషేమీ కాదు. వెళ్ళి చెబితే, ఇంకో పూట వెళ్ళి చూసి రమ్మనేవారేమో. అదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. నన్నెవరూ ఆపలేదు. అడ్డు వచ్చిన మనిషంటూ ఎవరూ లేరు. శుక్రవారం సాయంత్రం ఫారాలన్నీ వరసగా సర్ది, మూలలు సమానంగా ఉండేలా బల్ల మీద తట్టి, కవరులో పెట్టి ఇచ్చేశాను. ఒక్క గ్రేడు తేడాతో ఏమవుతుందిలే అనుకున్నాను.

ఏమయిందో తర్వాతి జూన్‌లో తెలిసింది. గ్రేడు తక్కువ వచ్చిన చిన్న బడులను పక్క బడుల్లో కలిపేశారు. ఆ జాబితా మా ఆఫీసుకు కూడా వచ్చింది. చిలకలగూడ బడి అందులో ఉంది. పిల్లలు ఇకపై పెద్ద రోడ్డు దాటి అవతలి బడికి వెళ్ళాలి. పెద్దమేడమ్‌ను ఇంకెక్కడికో వేశారు. నేను జాబితా చదివి సంతకం పెట్టి తర్వాతి టేబుల్‌కు పంపాను. అప్పటికి నేను టీమ్ లీడరును.

ఆవిడను ఆ తర్వాత ఒక్కసారే చూశాను. ఆ ఆగస్టులో ఒక పొద్దున, మా అత్తగారిని స్టేషన్‌లో దింపి, కారు నడుపుకుంటూ చిలకలగూడ మీదుగా వస్తున్నాను. చినుకులు పడుతున్నాయి. ముందున్న బస్సు పక్కకు తప్పుకునేసరికి రోడ్డు మధ్యలో ఒక చెయ్యి ఎత్తి ఉంది. సడన్ బ్రేకు వేశాను. నల్ల బుర్ఖా, పైకెత్తిన అరచెయ్యి, మణికట్టు దగ్గర గాజులు, వాటికి పిన్నీసులు. వెనక ఒకరి సంచి పట్టుకుని ఒకరు పది పన్నెండు మంది పిల్లలు. ఆవిడ వాళ్ళను రోడ్డు దాటిస్తున్నారు. తన కొత్త బడికి వేళవకముందే వచ్చి, వీళ్ళను ఆ బడి గేటు దాకా చేర్చి, తర్వాత బస్సెక్కి తన పనికి వెళ్ళేవారట. ఇదీ వాలంటీరు అమ్మాయి జియారత్ నాడు చెప్పిందే.

ఆగింది నా కారు. అద్దం మీద వైపరు అటూ ఇటూ తిరుగుతోంది. ఆవిడ నన్ను చూశారు. గుర్తుపట్టారు. ఎత్తిన చేతినే కొంచెం కిందికి దించి, నుదుటి దాకా తెచ్చి సలాం చేశారు. పిల్లల్లో సంధ్య ఉందేమోనని వెతకబోయాను, ధైర్యం చాలక చూపు తిప్పుకున్నాను. అద్దం దించి ఒక్క మాట మాట్లాడవచ్చు. దిగి, మిగిలిన పిల్లల చెయ్యి పట్టుకోవచ్చు. వెనక ఎవరో హారన్ కొట్టారు. చివరి పిల్ల దాటగానే ముందుకు పోనిచ్చాను. బదులు సలాం కూడా పెట్టలేదు.

అప్పటి నుంచి స్టేషన్‌కు వెళ్ళాలంటే చుట్టూ తిరిగి ఇంకో దారిలో వెళ్ళేదాన్ని. అందులో ట్రాఫిక్ తక్కువని ఇంట్లో చెప్పాను. ఆ బడి గురించి జరిగిందంతా వివరంగా రాసి పై ఆఫీసుకు పంపుదామని ఒక ఉత్తరం మొదలుపెట్టాను. మూడు పేరాలు రాశాను. అది ఆఫీసు కంప్యూటరులోనే ఉండిపోయింది.

మెసేజ్ వచ్చిన మర్నాడు జియారత్‌కు వెళ్ళాను. పోయిన మూడో రోజున దువా చదివి, వచ్చిన వాళ్ళకు భోజనం పెట్టే రోజది. ఆవిడ ఇల్లు బడికి నాలుగు ఇళ్ళ అవతల, మేడ మీద రెండు గదులు. వాలంటీరు అమ్మాయి కింద నిలబడి ఉంటే ఆమె వెంట మెట్లెక్కాను. ఆడవాళ్ళంతా తెల్ల దుప్పట్ల మీద కూర్చుని ఉన్నారు. కొందరు ఖురాన్ చదువుతున్నారు. సగం మంది ఆవిడ దగ్గర చదువుకున్న వాళ్ళు, వాళ్ళ తల్లులు. పసుపు కుంకుమల వాళ్ళు, బుర్ఖాల వాళ్ళు, అందరూ ఒకరి పక్కన ఒకరు. గుమ్మం దగ్గర ఖాకీ బట్టల్లో ఒక కానిస్టేబుల్ అమ్మాయి, టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్కామెతో మెల్లగా చెబుతోంది. "ముందు లైన్ల మూడేండ్లు కూసున్న నేను. అందరు ఎనకకు పోయిన్రు, నేను పోలే. నా అంత సేపు ఎవ్వరూ కూసోలే." పక్కామె కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

నేను సంధ్య గురించి వాలంటీరు అమ్మాయిని అడిగాను. బడి కలిపేసిన ఏడాది కొన్నాళ్ళు వచ్చిందట. పెద్దమేడమ్‌కు షుగరు ఎక్కువై కాళ్ళు వాచాక, పొద్దున్నే రావడం కుదరలేదట. సంధ్య తల్లి ఏడింటికే పనికి వెళ్ళిపోతుంది, రోడ్డు దాటించేవాళ్ళు లేరు. తర్వాత ఆ కుటుంబం ఇంకో పని దొరికిన చోటికి వెళ్ళిపోయిందట. "యాడికి పోయిన్రో తెల్వదు మేడమ్" అంది. నలభై చిల్లర మందిలో అవతలి బడిలో చివరిదాకా నిలిచింది సగం మందేనట.

పెద్దమేడమ్ కూతురు వంటగదిలో ఉంది. ముప్పై ఏళ్ళుంటాయి, ఏదో ఆసుపత్రి ల్యాబులో పని. తల్లిలాగే కొంచెం ముందుకు వంగి నిలబడుతుంది. పెద్ద డేగిసా లోంచి బగారా అన్నం పళ్ళేల్లోకి తీస్తోంది. నేనెవరో వాలంటీరు అమ్మాయి చెప్పబోతే ఆపి, నేనే చెప్పాను. అప్పట్లో బడిని చూడ్డానికి వచ్చింది నేనేనని, ముందు వరుస పిల్లల్నే అడిగి తక్కువ గ్రేడు వేసింది నేనేనని, తప్పని తెలిసిన తర్వాత కూడా మూడు రోజులు కాగితం నా చేతిలోనే ఉన్నా దిద్దలేదని చెప్పాను. అన్నీ చెప్పాను. రోడ్డు మీద సలాం సంగతి కూడా.

ఆమె గరిటె చేత్తో పట్టుకునే విన్నది. అయిపోయాక అడిగింది.

"ఇదంతా అమ్మీకి చెప్పిన్రా?"

"లేదు."

"నాలుగేండ్లు ఇదే ఇంట్ల ఉన్నది మేడమ్. మెట్లెక్కితే కనిపిస్తుండె." గరిటె డేగిసాలో పెట్టింది. "ఇప్పుడు నాకు చెప్తే నేనేం జేయాలె?"

ఆ మాటలో కోపం లేదు. నిజంగానే అడిగింది. చెప్పేస్తే నా బరువు కొంత దిగుతుందని వచ్చాను నేను. తల్లిని పోగొట్టుకుని మూడో రోజున ఉన్న మనిషి దగ్గరికి, ఆ బరువు పట్టుకోమని వచ్చాను. అది ఆమె అడిగిన తర్వాత గాని నాకు తెలియలేదు. క్షమించండి అనబోయి, అది కూడా ఆమె దగ్గర ఇంకోటి అడగడమే అవుతుందని ఆగిపోయాను.

"కూసోండి మేడమ్. అన్నం పెడుతున్నం" అందామె.

వెళ్ళిపోతాననబోయాను. ఈలోగా ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, తినకుండా పోవద్దమ్మా అంటూ కానిస్టేబుల్ అమ్మాయి పక్కన కూర్చోబెట్టింది. వద్దనే ధైర్యం లేకపోయింది. దుప్పటి మీద అందరి ముందూ పళ్ళేలు పెట్టారు. కూతురే వడ్డించుకుంటూ వచ్చింది. అన్నం, దాని మీద దాల్చా, పక్కన నిమ్మకాయ ముక్క. నా దగ్గరికి వచ్చింది. ఒక్క క్షణం కూడా ఆగలేదు, నా మొహం వైపు చూడనూ లేదు. అంతా విన్న తర్వాత కూడా, పక్కామెకు వేసినంతే నాకూ వేసి ముందుకు వెళ్ళింది. నేను తల వంచుకుని తిన్నాను.